పత్తి నుంచి గింజ విడదీయడం, చేప దవడ నుంచి జిన్నింగ్ మిల్లు దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిన్నింగ్ మిల్లు ఫిట్టరుని. గుంటూరు వైపు కొన్ని సీజన్లు, తర్వాత మా విజయనగరం జిల్లాలో కొన్ని సీజన్లు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. అత్తవారిది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అత్తమ్మ ఇప్పటికీ చేప దవడతో పత్తి దువ్వుతుంది. గింజ నుంచి దూదిని విడదీసే పనే ఆవిడదీ, నాదీ. పూటంతా కూర్చుంటే ఆవిడ ముందు గుప్పెడు దూది పోగవుతుంది. నేను బిగించిన మిషను గంటకు యాభై అరవై కిలోలు తీసేది. పెళ్లి పందిట్లోనూ బస్సులోనూ బడిపిల్లల ముందూ జనం నన్ను అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను.

పత్తి, దూది ఒకటే కదా?

కాదు. కాయ పగిలాక చేలో తీసేది పత్తి. దాంట్లో గింజ ఉంటుంది. గింజ తీసేశాక మిగిలేది దూది. దూదిని ఏకి, వేలెడు పొడవున చుట్టితే ఏకు. ఏకును రాట్నం మీద వడికితే నూలు. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అని అందరూ అంటారు గానీ ఆ ఏకు ఏమిటో ఇప్పటి పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఊదితే ఎగిరిపోయేంత మెత్తగా వచ్చి, మేకులా దిగబడిపోయాడని ఆ మాటకు అర్థం.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోండి, పింజ. దూది పోగు పొడవును పింజ పొడవు అంటాం. పొడుగు పింజ, పొట్టి పింజ అనే తేడా తెలియకపోతే కింద రాసిన సంగతుల్లో సగం అర్థం కావు.

గింజ తీయడం అంత కష్టమా? చేత్తో లాగేస్తే రాదా?

వస్తుంది. లాగి చూడండి. నాలుగు గింజలు సరదాగా తీస్తారు, పదో గింజకు గోళ్లు నొప్పెడతాయి. దూది పోగులు గింజకు అతికినవి కావు, గింజ తొక్క మీద మొలిచినవి. ఒక్కో గింజ మీద వేల పోగులుంటాయి. పైగా చాలా రకాల్లో పొడుగు పోగుల కింద పొట్టి నూగు ఇంకో పొరగా ఉంటుంది. గింజను గట్టిగా పట్టుకుంటే చిట్లి నూనె మరక పడుతుంది, వదులుగా పట్టుకుంటే పోగులు తెగుతాయి.

అమెరికాలో 18వ శతాబ్దం చివర్లో ఒక మనిషి రోజంతా కూర్చుని చేత్తో తీస్తే ఒక పౌను దూది, అంటే అరకిలో కూడా కాదు, వచ్చేదని చెబుతారు. చేలో పత్తి ఎంత పండినా, మగ్గాలు ఎన్ని ఉన్నా, మధ్యలో ఈ గింజ దగ్గర అంతా ఆగిపోయేది. నా ఉద్దేశంలో పత్తి చరిత్రలో సగం ఈ ఒక్క ఇరుకు దగ్గరే నడిచింది.

మిషన్లు లేనప్పుడు మన దేశంలో ఎలా తీసేవారు?

పొందూరు రండి, చూపిస్తాను. నున్నటి చెక్క పలక మీద పత్తి పెట్టి, సన్నటి ఇనుప కడ్డీని దాని మీద అరచేత్తో దొర్లిస్తారు. పోగులు కడ్డీ కింద నుంచి ఇవతలికి వస్తాయి. గింజ లావు కాబట్టి కడ్డీ కింద దూరలేక అవతలికి జారుతుంది. అంతే సూత్రం. ఈ ఒంటి కడ్డీ పద్ధతి 5వ శతాబ్దపు అజంతా చిత్రాల్లో కనిపిస్తుందని చరిత్రకారులు చెబుతారు. పదిహేను వందల ఏళ్ల కిందటి బొమ్మలో ఉన్న పనిముట్టు మా అత్తమ్మ చాప మీద ఉందంటే నాకైతే ఒళ్లు జలదరిస్తుంది. ఆవిడకు మాత్రం అదొక కడ్డీ, అంతే.

తర్వాత మధ్యయుగాల్లో రెండు రోలర్ల చర్ఖీ వచ్చింది. చెరుకు గానుగను చిన్నగా చేసి ఇంట్లో పెట్టుకున్నట్టు ఊహించుకోండి. రెండు కర్ర రోలర్లు ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా తిరుగుతాయి. చేత్తో పిడి తిప్పితే, స్క్రూలా మెలి తిరిగిన పళ్లు రెండో రోలరును కూడా తిప్పుతాయి. పోగులు రెండింటి మధ్య నుంచి పోతాయి, గింజ బయటే ఉండిపోతుంది. నూలు వడికే రాట్నాన్ని కూడా చర్ఖా అంటారు కాబట్టి చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. రెండూ వేరు.

‘జిన్’ అంటే ఏమిటి? మందు పేరా?

మందు జిన్ వేరు, ఇది వేరు. ఇంగ్లిషులో ఇంజిన్ అనే మాటకు ముందు భాగం అరిగిపోయి ‘జిన్’ మిగిలింది. పత్తి జిన్ అంటే పత్తి యంత్రం అనే అర్థం.

ఎలీ విట్నీ అసలు కనిపెట్టింది ఏమిటి?

బడి పుస్తకాల్లో ‘కాటన్ జిన్ కనిపెట్టినవాడు ఎలీ విట్నీ’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పై జవాబు చదివాక మీకే అనుమానం రావాలి, గింజ తీసే రోలర్లు వందల ఏళ్లుగా ఉంటే ఇతను కొత్తగా కనిపెట్టినది ఏముందని.

తేడా పత్తి రకంలో ఉంది. అమెరికా సముద్రతీర ద్వీపాల్లో పండే పొడుగు పింజ పత్తికి గింజ నల్లగా, నున్నగా ఉంటుంది. దానికి రోలరు చాలు. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ, ఆకుపచ్చ నూగు గింజ. ఆ గింజ పోగును వదలదు, రోలరుతో తీయబోతే విసుగు పుట్టిస్తుంది. పండించడానికి నేల బోలెడు ఉన్నా గింజ తీయలేక రైతులు ఊరుకున్నారు.

విట్నీ 1765లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. 1792లో యేల్ కాలేజీలో చదువు ముగించి, బడిపంతులు ఉద్యోగం కోసం దక్షిణాదికి వెళ్లి, జార్జియాలో సవానా దగ్గర మల్బరీ గ్రోవ్ అనే తోటలో దిగాడు. ఆ తోట క్యాథరిన్ గ్రీన్‌ది. ఆవిడ జనరల్ నథానియల్ గ్రీన్ భార్య, అప్పటికే భర్త పోయాడు. అక్కడే 1793లో యంత్రం తయారుచేశాడు. 1794 మార్చి 14న పేటెంట్ వచ్చింది.

యంత్రం ఇలా ఉంటుంది. ఒక చెక్క దుంగ చుట్టూ వరసలుగా తీగ కొక్కేలు. దాని ముందు సన్నటి సందులున్న ఇనుప జాలీ. దుంగ తిరిగితే కొక్కేలు సందుల్లోంచి దూరి పోగులు పట్టుకుని ఇవతలికి లాగేస్తాయి. సందు గింజకన్నా సన్నం కాబట్టి గింజ అవతలే ఉండి కింద రాలుతుంది. వెనక ఇంకో దుంగకు బ్రష్షు బిగించి ఎదురు దిశలో, ఇంకా వేగంగా తిప్పితే కొక్కేలకు చిక్కిన దూది ఊడి బయటపడుతుంది. ఈ బ్రష్షు ఆలోచన గ్రీన్ గారిదేనని ఒక కథ ఉంది. పొయ్యి ఊడ్చే చీపురు తెచ్చి చూపించిందంటారు. కథ నిజమో కాదో గానీ, ఏ మిల్లులోనైనా సగం ఉపాయాలు పేటెంటు కాగితం మీద పేరు లేనివాళ్లవేనని నా అనుభవం.

రోజుకు ఒక పౌను బదులు యాభై పౌన్లు. ఇరుకు ఒక్కసారిగా వెడల్పయింది. 1796లో హాడ్జన్ హోమ్స్ అనే ఆయన తీగ కొక్కేల బదులు గుండ్రటి రంపపు బిళ్లలు పెట్టి ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో ఇవాళ్టికీ ఎక్కువగా నడిచేది రంపపు జిన్నే.

మరి విట్నీ కోటీశ్వరుడయ్యాడా?

లేదు. తప్పు కొంత అతనిదే. విట్నీ, అతని భాగస్వామి ఫినియస్ మిల్లర్ యంత్రాలు అమ్మలేదు. ఊరూరా తామే యంత్రాలు పెట్టి, పత్తి శుభ్రం చేసి, కూలి కింద ఐదు పాళ్లలో రెండు పాళ్ల దూది తీసుకుంటామన్నారు. మన ఊళ్లో తవుడు ఉంచేసుకుని బియ్యం ఆడించిచ్చే మిల్లులుండేవి గుర్తున్నాయా? ఆ మిల్లువాడు తవుడు కాదు, బియ్యంలోనే ఐదింట రెండొంతులు ఉంచేసుకుంటానంటే మనవాళ్లు ఏం చేస్తారు? అక్కడి రైతులూ అదే చేశారు. ఊరి వడ్రంగి, ఊరి కమ్మరి కలిస్తే తయారయ్యే యంత్రమది. చూసి చేసేసుకున్నారు.

తర్వాత ఏళ్ల తరబడి కోర్టులు. పేటెంట్ చట్టాన్ని 1800లో సవరించాకే దావాలు గెలవడం మొదలైంది. సౌత్ కరోలినా రాష్ట్రం యాభై వేల డాలర్లకు హక్కు కొనుక్కుంది. 1807కు గడువు అయిపోయింది, పొడిగింపు దొరకలేదు. అతనికి డబ్బు తెచ్చినది తుపాకులు. 1798లోనే ప్రభుత్వానికి 10,000 తుపాకులు చేసిచ్చే ఒప్పందం పుచ్చుకున్నాడు.

యంత్రం వచ్చాక అమెరికా పత్తి తోటల్లో పనిచేసే బానిసల కష్టం తగ్గే ఉంటుంది కదా?

ఒక హైస్కూలు గుంటడు అడిగిన ప్రశ్న ఇది. అందరూ అలాగే అనుకుంటారు. జరిగింది తలకిందులుగా.

గింజ తీసే పని తేలికైంది, నిజమే. కానీ ఆ ఇరుకు విడిపోగానే దూదికి అంతులేని గిరాకీ కనిపించింది. ఇంగ్లండులో వడికే మిల్లులు ఆబగా ఎదురు చూస్తున్నాయి. అడ్డు పోయింది కాబట్టి ఇంకా నేల, ఇంకా పత్తి. ఆ పత్తిని దున్ని, నాటి, కలుపు తీసి, కాయకాయా వంగి కోయాలి కదా? కోసే యంత్రం రావడానికి ఇంకా వందేళ్ల పైన పట్టింది. అందుకని చేలోకి ఇంకా మనుషుల్ని తోలారు. 1790 లెక్కల్లో అమెరికాలో బానిసలు సుమారు 7 లక్షలు. 1860 నాటికి 39 లక్షలు దాటారు. 1808 నుంచి ఆఫ్రికా నుంచి తేవడం చట్టం ప్రకారం ఆగిపోయినా, దేశం లోపలే తల్లినీ పిల్లల్నీ విడదీసి పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి నేలలకు అమ్మారు. 1790లో కొన్ని వేల బేళ్లు (నొక్కి కట్టిన దూది మూటలు) ఉన్న పంట 1860కి 40 లక్షల బేళ్ల దగ్గరికి వెళ్లింది.

యంత్రం ఒక చోట బరువు దించితే అది మాయమైపోదు. ఎవరి నెత్తికి ఎక్కిందో వెతకాలి.

ఆ గుంటడు మళ్లీ అడిగాడు, ‘అయితే విట్నీ చెడ్డోడా?’ అని. విట్నీ గింజ గురించి ఆలోచించాడు, మనిషి గురించి ఆలోచించలేదు. నేనూ ముప్పై ఏళ్లు రోలరు గురించే ఆలోచించాను. తీర్పు చెప్పే పెద్దరికం నాకు లేదు.

ఆ గొడవకూ మనకూ సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. 1861 నుంచి 1865 దాకా ఈ బానిసత్వం గొడవతోనే అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి దూది ఆగిపోయి, ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులు మూతపడి, ఆ మిల్లులవాళ్లు మన దేశపు పత్తి మీద పడ్డారు. బొంబాయిలో ధరలు ఆకాశానికి వెళ్లి, యుద్ధం అయిపోగానే 1865లో నేల మీద పడ్డాయి.

మన ప్రాంతం సంగతి ఇంకొక రకం. శ్రీకాకుళాన్ని ఇంగ్లిషువాళ్లు చికాకోల్ అనేవారు. చికాకోల్ మస్లిన్లంటే, అంటే బాగా సన్నటి నూలు గుడ్డలంటే, ఒకప్పుడు దూరదేశాల్లో పేరు. మిల్లు నూలు, మిల్లు గుడ్డ చౌకగా వచ్చి పడ్డాక ఇక్కడ వడికే చేతులకు పని పోయింది. పొందూరులో మిగిలింది ఆ పాత విద్యలో ఒక కొస అనుకోవాలి.

విట్నీ తరహా రంపపు జిన్ మన దేశానికి రాలేదా?

వచ్చింది. ఈస్టిండియా కంపెనీ 1840లో అమెరికా నుంచి పత్తి తోటలు నడిపే మనుషుల్ని, రంపపు జిన్లని కూడా తెప్పించి చూసింది. ధార్వాడ్ వైపు అమెరికా రకం పత్తి నిలదొక్కుకున్న చోట కొంతవరకు నడిచాయి. ‘సా-జిన్డ్ ధార్వార్’ అనే పేరుతో బజారులో ఒక రకమే ఉండేది. మన నాటు పొట్టి పింజకు మాత్రం రంపం పనికిరాలేదు. పోగును ముక్కలు చేసి, ఉండలు కట్టించి పడేసేది.

1840లోనే అమెరికాలో ఫోన్స్ మెకార్తీ అనే ఆయన తోలు రోలరు, దానికి ఒత్తుకుని ఉండే కత్తి, పైకీ కిందకీ ఆడే ఇంకో కత్తి కలిపి కొత్త రోలరు జిన్ చేశాడు. మన దేశంలో వేళ్లూనుకున్నది అదీ, దాని వారసులూ. ఇప్పుడు మన మిల్లుల్లో వరసగా కనిపించే డబుల్ రోలరు మిషన్లు ఆ కుటుంబమే.

మిల్లులో మిషను ఎలా పనిచేస్తుంది?

ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఓపిక పట్టండి.

రెండు రోలర్లు పక్కపక్కన ఉంటాయి. క్రోమ్ తోలు బిళ్లలు ఒకదాని పక్కన ఒకటి గుచ్చి, నొక్కి బిగించి చేసినవి. వాటి మీద వంకరగా గాళ్లు కోసి ఉంటాయి. ఒక్కో రోలరుకు ఒక స్థిరమైన కత్తి ఒత్తుకుని ఉంటుంది. కత్తి అంటే కోసేది కాదు, మొండి అంచు పలక. పత్తి మీద నుంచి పడగానే తోలు గరుకుదనం పోగును పట్టుకుని కత్తి కిందకు లాగుతుంది. గింజ కత్తి అంచు దగ్గర ఆగిపోతుంది. రెండు రోలర్ల మధ్య ఇంకో కత్తి పైకీ కిందకీ టకటకా ఆడుతూ ఆ గింజను తడుతుంది. రెండు మూడు దెబ్బలకు పోగు పూర్తిగా విడిపోయి, గింజ జాలీలోంచి కింద పడుతుంది. దూది రోలరుతో పాటు తిరిగి అవతలి పక్క వెండి తెరలా దిగుతుంది.

సూత్రం గుర్తొచ్చిందా? పోగు దూరుతుంది, గింజ దూరదు. అత్తమ్మ కడ్డీ, పలక అదే. ఆవిడ అరచేతి బదులు మోటారు, అంతే. ఆ మాట ఆవిడతో అంటే నవ్వి, ‘మిషను పీకుతాది గానీ దువ్వదు గదా బాబూ’ అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఫిట్టరు పనంతా ఒత్తిడిలో ఉంటుంది. కత్తి రోలరుకు గట్టిగా ఒత్తితే తోలు కాలిన వాసన వస్తుంది. వదులైతే గింజకు దూది మిగిలిపోతుంది. కిందపడిన గింజను తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తే చాలు, మిషను ఎలా ఉందో తెలిసిపోతుంది. గాళ్లు అరిగితే రోలరు విప్పి మళ్లీ కోయాలి. సీజన్లో రాత్రి రెండింటికి ఆ పని చేసినవాడికి నిద్ర విలువ తెలుస్తుంది.

ఒక క్వింటా పత్తికి ఎంత దూది వస్తుంది?

మూడో వంతు అనుకోండి. నూరు కిలోలకు 33 నుంచి 35 కిలోల దూది, మిగిలినది చాలా వరకు గింజ, ఒకటి రెండు కిలోలు చెత్త, తరుగు. మన దేశంలో బేలు బరువు 170 కిలోలు. అంటే ఒక బేలుకు ఇంచుమించు ఐదు క్వింటాళ్ల పత్తి కావాలి.

తేమ ఎక్కువని ధర తగ్గిస్తారు. అది మిల్లువాళ్ల మోసం కాదా?

మోసం చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కాటా దగ్గర రైతు కళ్లు తెరిచి ఉండాలి. కానీ తేమ లెక్క మాత్రం ఉత్త సాకు కాదు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. అక్కడి నుంచి 12 దాకా శాతాన్ని బట్టి కోత, 12 దాటితే కొనదు. 2025-26కు మద్దతు ధర పొడుగు పింజకు క్వింటాకు రూ.8,110, మధ్యరకానికి రూ.7,710. కాబట్టి ఒక్కో శాతం తేమా డబ్బే.

తడి పత్తి రోలరుకు చుట్టుకుంటుంది. గింజ మెత్తబడి చితుకుతుంది, నూనె దూదికి అంటుతుంది. గోడౌన్లో కుప్ప లోపల వేడెక్కి పసుపు రంగుకు తిరుగుతుంది. మరీ ఎండినా నష్టమే, పోగు పెళుసై తెగుతుంది.

మన వైపు చిక్కు వాతావరణంతో. కాయ పగిలే అక్టోబరులోనే తుపాన్లు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. తర్వాత చలికాలం మంచు. పొద్దున్నే కూలీలు దిగితే మంచుతో తడిసిన పత్తి సంచిలోకి పోతుంది. మంచు ఆరాక దిగండి, తీసిన పత్తిని నీడపట్టున పరిచి ఆరబెట్టండి. రాత్రి బకెట్టుతో నీళ్లు చల్లి తూకం పెంచుకునే తెలివి మాత్రం వద్దు. చేత్తో పట్టుకుంటే పైన తడి, లోపల పొడి తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఎరువుల సంచుల్లో పత్తి నింపితే ఏమవుతుంది?

సంచి పోగులు ఊడి పత్తిలో కలుస్తాయి. జిన్నులో ఆ ప్లాస్టిక్ పోగు కూడా దూదితో పాటు దర్జాగా దూరిపోతుంది, ఎందుకంటే అదీ సన్నమే కదా. వడికి, నేసి, రంగు వేశాక బయటపడుతుంది. గుడ్డ అంతా రంగు పట్టి, ఆ ఒక్క పోగు తెల్లగా మిగులుతుంది. తలవెంట్రుకలు, గుట్కా కవర్లు, పిన్నీసులు కూడా చూశాను. పాత చీర సంచి కుట్టుకోండి, కూలీలకు తలగుడ్డ ఇవ్వండి.

మిల్లుల్లో అంత తరచుగా నిప్పెందుకు అంటుకుంటుంది?

ఒక రాయి, ఒక మేకు చాలు. కత్తికి తగిలి నిప్పురవ్వ రేగితే దూదికి క్షణం పట్టదు. నేను పనిచేసిన ఒక మిల్లులో ఫీడరు (మిషనులోకి పత్తిని అందించే భాగం) ముందు పెట్టాల్సిన అయస్కాంతం పాడైతే నెల రోజులు మార్చలేదు. ఒక రాత్రి విరిగిన కొడవలి ముక్క లోపలికి పోయింది. మనుషులకు ఏమీ కాలేదు గానీ, నా ఎడమ చేతి వెంట్రుకలు ఆ రోజు పోయి మళ్లీ సరిగ్గా మొలవలేదు. బేలుకు అంటుకుంటే ఇంకా మోసం. పైన నీళ్లు కొట్టి ఆరిందనుకుంటాం, లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

దుమ్ము గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సెలవు తర్వాత మొదటి రోజు పనిలోకి దిగగానే ఛాతీ పట్టేస్తుంది. సోమవారం జ్వరం అని నవ్వుకునేవాళ్లం. అది ఊపిరితిత్తుల జబ్బు, నవ్వులాట కాదు. ముక్కుకు గుడ్డ కట్టండి, ఆయాసం వస్తుంటే డాక్టరుకు మీరు చేసే పని ఏమిటో చెప్పండి.

మిల్లులో వచ్చిన గింజను విత్తుకోవచ్చా? గేదెలకు పెట్టవచ్చా?

ఇప్పుడు చేలల్లో ఉన్నది ఎక్కువగా బీటీ హైబ్రిడ్, అంటే కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన సంకర రకం. దాని గింజ మళ్లీ వేస్తే మొక్కకో గుణం, కాపు తగ్గుతుంది. వద్దు. నాటు రకాలకు ఆ బాధ లేదు, మన కొండపత్తి గింజ దాచుకుని ఏటేటా వేసుకునేదే.

పెద్ద గేదెలకు, ఆవులకు నానబెట్టిన పత్తిగింజ కొద్దిగా పెట్టడం మన పాత అలవాటే, పాలల్లో వెన్న బాగుంటుంది. మనసులో ముద్ర వేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది. నెమరువేసే పెద్ద పశువులు మితంగా తింటే తట్టుకుంటాయి. లేగదూడలకు, కోళ్లకు, పందులకు పెట్టకండి. నూనె కూడా శుద్ధి చేశాకే వంటకు పనికొస్తుంది.

ఇన్ని మిషన్లున్నప్పుడు పొందూరులో ఇంకా చేప దవడ ఎందుకు?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే, అదీ కాస్త జాలిగా. పాపం, మిషను కొనుక్కోలేక అనుకుంటారు.

మిషనుకు గింజ పోతే చాలు. పొందూరులో కావలసింది అది కాదు. వాళ్లకు పోగులన్నీ ఒకే వైపు వాలి, ఒక్క నలుసూ ఒక్క ఉండా లేని దూది కావాలి. ఎందుకంటే వడికేది వంద నంబరు నూలు, కొన్నిసార్లు ఇంకా సన్నం. వంద నంబరు అంటే ఒక పౌనుకు 84,000 గజాలు. కిలో నూలు విప్పి పరుచుకుంటూ పోతే సుమారు 169 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో మొదలుపెడితే విశాఖ దాటి ఇంకా బోలెడు మిగులుతుంది. అదీ మన పొట్టి పింజ నాటు పత్తితో, ఒంటి కదురు రాట్నం మీద, చేత్తో. మిల్లులో అంత సన్నం తీయాలంటే మంచి పొడుగు పింజ వెతుక్కుంటారు.

అందుకని గింజ తీయకముందే దువ్వుతారు. వాలుగ చేప దవడకు సన్నటి పళ్లు ఒత్తుగా ఉంటాయి. గింజ చేతిలో పట్టుకుని దాని మీది పోగుల్ని ఆ పళ్లతో దువ్వుతారు, పిల్ల తల దువ్వినట్టు. నలుసులు రాలిపోతాయి, పోగులు సాపు అవుతాయి. తర్వాత పలక మీద కడ్డీతో గింజ తీయడం. తర్వాత చిన్న విల్లుకు నారి కట్టి మీటుతూ దూదిని ఏకడం. ఏకులు చుట్టి ఎండిన అరటి పట్టలో దాచడం. అప్పుడు రాట్నం. వరస గమనించారా? మిల్లులో ముందు గింజ తీసి, తర్వాత వేరే యంత్రాల మీద దువ్వుతారు. ఇక్కడ గింజే పిడిలా పనికొస్తుంది. దువ్వేటప్పుడు పోగు జారిపోకుండా పట్టుకునేది అదే. మిల్లులో మేం శత్రువులా చూసే గింజ వాళ్లకు మూడో చెయ్యి. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్లు మిల్లులో పనిచేశాక, ఒక పండగ సెలవుల్లో వాకిట్లో కూర్చుని చూస్తుంటే తట్టింది.

దీన్ని చూసి మిషన్లు దండగ అనకండి. దేశానికంతా గుడ్డ కావాలంటే చేప దవడలు చాలవు. అలాగని చేప దవడను మ్యూజియంలో పెట్టమనీ అనకండి. పొందూరు చీర పట్టుకుని చూస్తే ఎందుకో తెలుస్తుంది. బాధ మాత్రం కూలి దగ్గరుంది. చీర ధర చూసి జనం అమ్మో అంటారు. ఆ చీరకు నూలు వడికిన చేతికి దాంట్లో ఎంత చేరిందో ఎవరూ అడగరు. వడికేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు. వాళ్ల కోడళ్లు వేరే పనులకు వెళ్తున్నారంటే తప్పు కోడళ్లది కాదు.

గాంధీగారు యంత్రాలకు వ్యతిరేకి కదా, జిన్ను చూస్తే ఏమనేవారు?

ఏమనేవారో చెప్పడానికి నేనెవర్ని? ఆయన కుట్టుమిషనును మెచ్చుకున్నారు. 1929లో మెరుగైన రాట్నం చేసినవారికి లక్ష రూపాయల బహుమతి కూడా ప్రకటింపజేశారు. కాబట్టి మరలంటే పడనివాడేం కాదు. పొందూరు నూలు పేరు ఆయన దాకా వెళ్లింది. ఇక్కడి పనిని చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపారు.

చేప దవడ ఎక్కడ దొరుకుతుంది? నాకొకటి తెచ్చిపెడతారా?

వాలుగ నదుల్లో పెరిగే పెద్ద చేప, పొలుసుండదు. దవడలు గోదావరి వైపు నుంచి, రాజమండ్రి ప్రాంతం నుంచి తెప్పించుకుంటారు. కడిగి, ఎండబెట్టి వాడతారు. పళ్లు అరిగితే కొత్తది. కూర వండిన తర్వాత మిగిలిన ముక్కతో ప్రయత్నించకండి, వాసన వదలదు, నేను చేసి చూశాను. పొందూరుకు రైలుంది, హౌరా–చెన్నై లైనులోనే స్టేషను, శ్రీకాకుళం నుంచి బస్సులూ ఆటోలూ ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల వేళ కాకుండా వెళ్లండి, ఎవరి వాకిట్లోనో పని జరుగుతూనే ఉంటుంది. ఫోటో తీసే ముందు అడగండి. మా అత్తమ్మ పెట్టెలో రెండు దవడలున్నాయి. ఒకటి ఇమ్మని నేను అడిగి మూడేళ్లయింది.